మూగబోయిన ఫజ్ పెడల్

విద్యార్థులారా, 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ విడుదల చేసిన ఫజ్ ఫేస్ పెడల్‌ను తీసుకుందాం. లోపలున్నవి రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ, కొద్దిపాటి విడిభాగాలు, అంతే. ధ్వని రాకపోతే వెంటనే సోల్డరింగ్ ఐరన్ అందుకోకండి. ముందు కాలిస్విచ్ నొక్కి చూడండి. ఎఫెక్ట్ లేకుండా గిటార్ మామూలుగా వినిపిస్తే కేబుళ్లు, ఆంప్లిఫయర్ బాగున్నట్టే. ఇక బ్యాటరీ సంగతి. ఇన్‌పుట్ జాక్‌లో ప్లగ్గు పెడితేనే అది సర్క్యూట్‌కు కలుస్తుంది. అక్కడి లోహపు రేకు తుప్పు పట్టితే కొత్త బ్యాటరీ వేసినా వృథాయే. తర్వాత రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ వద్ద మల్టీమీటర్‌తో కొలవండి, సుమారు 4.5 వోల్టులుండాలి. తొలి పెడళ్లలోవి పీఎన్‌పీ రకం, ధనధ్రువమే గ్రౌండ్. కాబట్టి మీటరు మైనస్ చూపితే కంగారుపడనక్కర్లేదు. వోల్టేజీ సరిగానే ఉంటే, ఇన్‌పుట్ వైపు ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను అనుమానించండి. ట్రాన్సిస్టర్ల జోలికి చివర్లోనే వెళ్లాలి. జెర్మేనియం వేడికి త్వరగా చెడిపోతుంది.