బడిపిల్లలకు బొమ్మల పని – మన వంతు
(సంఘ వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఉర్దూ మాస్టరు తెలుగులో మొదలుపెట్టాడేమిటని కొందరు అనుకోవచ్చు. మన పిల్లల్లో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియాల్లో చదువుతున్నారు. రేపు ఈ మాటలు సావనీరులో అచ్చయితే వాళ్ల ఇళ్లలోనూ చదవాలి గనుక తెలుగే ఎంచుకున్నాను.

మన సంఘం ఏటా నోటుపుస్తకాలు ఇస్తున్నది, ఫీజులు కడుతున్నది. సంతోషం. నేను మాత్రం ఈసారి డబ్బు అడగడానికి రాలేదు. చేతులు అడగడానికి వచ్చాను. వారానికి రెండు గంటలు బడికి వచ్చి, పిల్లలచేత బొమ్మల పని చేయించేవాళ్లు కావాలి.

“అదేం చదువండీ మాస్టారూ, లెక్కలు చెప్పండి చాలు” అనే తండ్రులు నాకు తెలుసు. వారికి ముందుగా చట్టం సంగతి మనవి చేస్తాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లలు 100 మందిని మించితే కళలకూ, వ్యాయామానికీ, చేతిపనికీ పార్ట్‌టైం బోధకులు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆ తరగతుల పిల్లలు ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుల దగ్గర పని నేర్చుకోవాలన్నది. కాగితం మీద అంతా బాగానే ఉన్నది. నూరుమంది లేని చిన్నబడికి మొదటి లెక్క వర్తించదు. అక్కడ ఎవరో ఒకరు తమంతట తాము రావలసిందే.

అలా తనంతట తాను వచ్చిన మనిషి కథ మన ఆంధ్రదేశంలోనే ఉన్నది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషు దొర 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నాడు. కాలేజీ నడపడం ఆయన ఉద్యోగం, బొమ్మలు నేర్పడం కాదు. అయినా తీరిక వేళల్లో కుర్రాళ్లను దగ్గరికి తీసి కుంచె పట్టించాడు. వారిలో ఒకరు దామెర్ల రామారావు. ఆయన బొంబాయి జె.జె. స్కూలులో చేరడానికి ఈ దొరే తోడ్పడ్డాడు. 1925లో మశూచి సోకి పోయేనాటికి రామారావుకు నిండా ఇరవై ఎనిమిదేళ్లు లేవు. ఆ కొద్దికాలంలోనే రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి తాను నేర్చినది పదిమందికి నేర్పాడు. ఆయన పోయాక వరదా వెంకటరత్నంగారు దానిని నిలబెట్టారు. కూల్డ్రే శిష్యుల్లోనే మరొకరు అడివి బాపిరాజు. నవలలు రాసిన బాపిరాజే. ఆయన తరువాత బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. ఒక ఉద్యోగి తీరిక గంటలు ఎంత దూరం పోయాయో చూడండి.

అయితే మన బడిలోంచి దామెర్ల రామారావు వస్తాడని చెప్పి మిమ్మల్ని పిలవడం లేదు. వంద మంది పిల్లల్లో చిత్రకారుడు ఒక్కడూ కాకపోవచ్చు. నాకు కావలసినది వేరే ఉన్నది, దాని దగ్గరికి వస్తాను.

బందరు పేరు వచ్చింది గనుక కలంకారీ మాట చెప్పాలి. కలం, కారీ – రెండూ పారసీ మాటలే. కలంతో చేసే పని అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవునుంచి ఈ గుడ్డలు ఇరాన్ దాకా ఓడల్లో పోయేవి. ఇప్పటికీ బందరు దగ్గర పెడనలో టేకు అచ్చులతో అద్దుతున్నారు. కాళహస్తిలో కలంతో గీస్తున్నారు. అందులోని నలుపు తయారీ నేను మా ఏడో తరగతిచేత చేయించాను. ఉతికిన తెల్ల నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండలో ఆరబెట్టాలి. వేరే కుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రెండు మూడు వారాలు ఊరనివ్వాలి. (మన ఊళ్లో తుప్పుకు కరువా? హైవే పొడుగునా మెకానిక్ షెడ్లే.) ఆ నీళ్లు చూస్తే గోధుమరంగులో, టీ డికాక్షన్ మాదిరిగా ఉంటాయి. వెదురుపుల్లతో ముంచి ఆ గుడ్డమీద గీస్తే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన మహిమ అది. పిల్లలు పెద్దగా అరిచారు; పక్క తరగతి టీచరుగారు వచ్చి నన్ను చూసి వెళ్లారు! మరునాడు రసాయనశాస్త్రం పాఠం నేను చెప్పలేదు, వాళ్లే నన్ను అడిగారు.

బొమ్మలు గీయడం గురించి కొన్ని ఇళ్లలో సందేహం ఉంటుంది. ఆ చర్చ ఈ సభలో పెట్టను. తీగ, ఆకు, నక్షత్రం, అక్షరం – ఇవి చాలు, ఒక జీవితానికి సరిపోయే పని. వృత్తంలో ఒక చదరం గీసి, దానిమీద మరొక చదరాన్ని 45 డిగ్రీలు తిప్పి వేస్తే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. కోణమానిని పెట్టెలోంచి తీయని పిల్లలు ఆరోజు దానికోసం పోట్లాడుకున్నారు. లెక్కలు చెప్పమన్న తండ్రులు గమనించగలరు.

అక్షరం సంగతి. 1990లలో కంప్యూటరు వచ్చేదాకా ఉర్దూ పత్రికలు, పుస్తకాలు ఎక్కువగా కాతిబులు చేత్తో రాసినవే. చెన్నపట్నంలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రికను ఈ శతాబ్దంలో కూడా చేత్తోనే రాశారు. మన పిల్లలకు వెదురు కలం చెక్కడం తెలియదు. తెలిసిన పెద్దలు ఈ హాలులో ఇద్దరు ముగ్గురైనా ఉన్నారని నాకు తెలుసు. పేరు చెప్పి ఇబ్బంది పెట్టను.

ఇక ఎవరు రావాలి? డిగ్రీలు అక్కరలేదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డు పెయింటర్ల పొట్టమీద కొట్టాయి. అయినా గీత తప్పకుండా అక్షరం దించే చెయ్యి మన వీధుల్లో ఇంకా ఉన్నది. దర్జీలు కటింగు ముక్కలు పారేయకుండా తెచ్చి అతికించడం నేర్పవచ్చు. గోరింటాకు పెట్టే అమ్మాయిలకు తీగ అల్లిక నేను చెప్పాలా? వడ్రంగి ఒక పాత టేకు ముక్క చెక్కి ఇస్తే అచ్చు అవుతుంది. అంతవరకు బెండకాయ కోసి అద్దినా పువ్వు పడుతుంది. పురుషోత్తమపట్నంలో ప్రభలు కట్టే వాళ్లను కూడా పిలుద్దాం. వెదురూ కాగితమూ నిలబెట్టడంలో వారిని మించినవారు ఎక్కడ? మన ఇళ్లలో మొహర్రం తాజియా కట్టిన చేతులకు ఆ పని విలువ తెలుసు.

వచ్చేవారికి రెండు మాటలు కఠినంగానే చెబుతాను. ఒకరోజు వచ్చి, రంగుపెన్సిళ్లు పంచి, ఫోటో దిగి పోయేవారు దయచేసి రావద్దు. అలాంటివారు వెళ్లాక పిల్లలు వారం రోజులు గేటు వైపు చూస్తారు. రెండోది, పిల్లవాడి కాగితంమీద మీ చెయ్యి పెట్టకండి. వంకర గీత వంకరగానే ఉండనివ్వండి. చూపించాలంటే మీ కాగితంమీద గీసి చూపించండి. పెద్దలు గీస్తే పిల్లలు రంగు నింపే పనిని నేను కళ అనను, కూలి అంటాను.

ఇప్పుడు నాకు కావలసినది. జనవరి దాటితే మిరప కోతలు. తెల్లవారకముందే ఆటోలు కూలీలతో నిండి పల్లెలకు పోతాయి. తల్లి పోతే పెద్దపిల్ల ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకొని కూర్చుంటుంది, లేదా తానూ కోతకు పోతుంది. నెల రోజులు తప్పిన పిల్ల తిరిగి రావడానికి సిగ్గుపడుతుంది. హాజరుపట్టీలో వరసగా ‘ఆ’లు పడతాయి, జూన్‌లో పేరే ఉండదు. మగపిల్లలకైతే షెడ్డు. తల్లిదండ్రులను తప్పుపట్టను, ఆ కూలితోనే పొయ్యి వెలుగుతుంది.

ఆ కలంకారీ గుడ్డ చేసిన ఏడాది ఒక అమ్మాయి పదహారు రోజులు రాలేదు. పదిహేడో రోజు వచ్చి, చేతులు వెనక్కి దాచుకొని గుమ్మంలో నిలబడింది. కాయలు కోసి వేళ్లు మండుతున్నాయి. “సార్, నా గుడ్డ ఎవరైనా పూర్తిచేశారా?” అన్నది. లేదమ్మా, నీ మూల అట్లాగే ఉంచామన్నాను. వచ్చి కూర్చున్నది. లెక్కల పరీక్ష కోసం ఆ పిల్ల వచ్చి ఉండేదని నేను నమ్మను. ఈ సంవత్సరం ఎనిమిదిలో ఉన్నది.

కోతల కాలంలో ప్రతి పిల్లకూ బడిలో ఒక సగం పని మిగిలి ఉండాలి. దానికి నలుగురు మనుషులు కావాలి. నేనొక్కణ్ణే ఐదు తరగతులు చూసుకుంటూ కుండలు, కరక్కాయలు సర్దలేను.

హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకున్నాను. పేర్లు సెక్రటరీ సాహెబ్ దగ్గర రాయించండి. స్త్రీలు తమ పేర్లు నా భార్యకు చెబితే చాలు. వచ్చే శనివారం అసర్ తరువాత బడి వరండాలో కలుసుకుందాం. కుండ ముందే పెట్టాలి గనుక తుప్పు మేకులు తెచ్చేవారు అప్పుడే తేవచ్చు. డబ్బాలో తెండి, కాగితం పొట్లంలో వద్దు, జేబు పాడవుతుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.