ఎవరి గంటలు, ఎవరి పని?
(కార్యకర్తల సమావేశంలో మా ప్రసంగం)



అమెరికాలో కొన్ని నగరాల్లో పోలీసులు తలా కొన్ని గంటల జీతపు సెలవు సంఘం ఖాతాలో వేస్తారు. ఆ గంటల మీద వాళ్ల నాయకుడు డ్యూటీకి పోకుండా సంఘం పని చూస్తాడు. జీతం ఆగదు.

కొన్నిచోట్ల ఆ టైము సర్కారే ఇస్తుంది. ఫీనిక్స్‌లో ఆరుగురు పోలీసులకు అట్లా ఇస్తే కేసు పడింది. అదీ జీతంలో భాగమేనని 2016లో అరిజోనా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2024లో అదే నగరంలో ఇంకో ఉద్యోగ సంఘం కేసులో చెల్లదంది. చూశారా? పైనుంచి వచ్చింది పైవాళ్లే తీసేస్తారు. తాము వేసుకున్నదే తమది.

మన దేశంలో 1966 చట్టం ప్రకారం అనుమతి లేనిదే పోలీసులు యూనియన్‌లో చేరకూడదు. కానిస్టేబులూ పనివాడే, సంఘం ఉండాలనే అంటాం. కానీ ఆ గంటలు దేనికి? సెలవు దొరకని కానిస్టేబుల్ కోసమైతే సరే. లాకప్పులో కొట్టినవాణ్ణి కాపాడ్డానికైతే, అక్కడ నల్లవాళ్లు అడిగినట్టే ఇక్కడ మనమూ నిలదీస్తాం.

మనకు జీతపు సెలవెక్కడిది? కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. పదిమంది తలా ఒక పూట కూలి వేస్తే ఒకరు కలెక్టరాఫీసుకు పోగలరు. వేసినవాళ్లు లెక్క అడగాలి. పోయినవాళ్లు వాడలో నిలబడి చెప్పాలి.