నాన్న కాలి రిపోర్ట్ "నార్మల్" అంటే నమ్మొచ్చా? | కాలి రక్తనాళాల్లో కాల్షియం

ఈ రోజు మన ఇంట్లో పెద్దవాళ్ల కాళ్ల గురించి మాట్లాడుకుందాం.

నాన్నకి పదిహేనేళ్లుగా షుగర్. కాస్త నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, ఆగితే తగ్గుతుంది. "వయసైపోయింది రా" అంటారు. ఈలోపు బొటనవేలికి చిన్న పుండు. నెలైనా మానదు. ఇలా ఉంటే కాలికి రక్తం సరిగ్గా అందడం లేదేమో అని అనుమానించాలి.

దీనికి మొదటి టెస్ట్ ఏబీఐ. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 1.0 నుంచి 1.4 దాకా నార్మల్. 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే నాళాల్లో అడ్డు ఉన్నట్టే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోరు నీళ్లకి పైపులో గార కట్టినట్టు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రక్తనాళం గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. అప్పుడు బీపీ పట్టీ ఎంత బిగించినా ఆ నాళం నొక్కుకోదు. అందుకే రీడింగ్ 1.4 దాటిపోతుంది, లేదా లోపల అడ్డు ఉన్నా "నార్మల్" అని చూపిస్తుంది. అలాంటప్పుడు బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడాలి. వేళ్ల నాళాల్లో కాల్షియం సాధారణంగా తక్కువ. అక్కడ లెక్క 0.7 కన్నా తగ్గితే తేడా ఉన్నట్టు.

స్కానింగ్‌లోనూ కాల్షియం తికమక పెడుతుంది. డాప్లర్‌లో దాని వెనక నీడ పడి లోపల ఏముందో కనపడదు. సీటీ యాంజియోలో అది తెల్లగా మెరిసి, ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. దాంతో అడ్డు ఎక్కువ ఉన్నట్టు అనిపించొచ్చు. సీటీకి మందు ఎక్కిస్తారు కాబట్టి కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. కొన్నిసార్లు నాళం లోపలికే చిన్న అల్ట్రాసౌండ్ పంపి, కాల్షియం ఒక పక్కనే ఉందా, చుట్టూ ఉందా అని చూస్తారు.

ఇక ట్రీట్‌మెంట్. మామూలు బెలూన్ ఈ గట్టి కాల్షియం దగ్గర సరిగ్గా విచ్చుకోదు, ఒక్కోసారి నాళం గోడ చీలుతుంది. అందుకే కొందరికి ముందు లోపల గీకి తీస్తారు. ఇంకో పద్ధతి లిథోట్రిప్సీ. 1980లో మ్యూనిక్‌లో తొలిసారి ఒక పేషెంట్‌కి కిడ్నీ రాళ్లని షాక్ తరంగాలతో పగలగొట్టారు కదా, అదే ఐడియాని బెలూన్ లోపల పెట్టారు. అమెరికాలో కాలి నాళాలకి 2016లో అనుమతి వచ్చింది. ఇది కాల్షియాన్ని బయటికి తీయదు, పగుళ్లు తెప్పిస్తుంది. ఆ తర్వాత బెలూన్ తేలిగ్గా విచ్చుకుంటుంది. కొందరికి బైపాసే మంచిది.

అందరికీ ఇవన్నీ అక్కర్లేదు. నడిస్తేనే నొప్పి వచ్చేవాళ్లకి ముందు సిగరెట్, బీడీ మానడం, డాక్టర్ రాసిన మాత్రలు, రోజూ నడక. కానీ మానని పుండు, పడుకున్నా తగ్గని నొప్పి, నల్లబడిన వేలు ఉంటే ఆలస్యం వద్దు. కాలు ఒక్కసారిగా చల్లబడి పాలిపోతే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎవరైనా "వేలు తీసేయాలి" అంటే, ఒక్క ప్రశ్న అడగండి: "సార్, కాలికి రక్తం ఎంత అందుతుందో చూశారా? బొటనవేలి ప్రెషర్ ఎంత?" వీలైతే వాస్క్యులర్ సర్జన్‌కి కూడా చూపించండి. ఇన్‌ఫెక్షన్ పాకుతుంటే మాత్రం దానికి చికిత్స ఆపొద్దు.

షుగర్ వల్ల స్పర్శ తగ్గితే పుండు ఉన్నా నొప్పి తెలియదు. అందుకే ఈ రాత్రి ఫోన్ టార్చ్ వేసి నాన్న పాదాలు, వేళ్ల సందులు ఒకసారి చూడండి. ఏం కనిపించినా ఫొటో తీసుకుని డాక్టర్‌కి చూపించండి.