నాయన అమ్మిన ఫియట్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున గేటు లోపలికి వచ్చినవాళ్లంతా వేపచెట్టు కిందున్న పాత కారు దగ్గర ఒక నిమిషం ఆగారు. కొందరు ఫోటోలు దిగారు. "ఎంతకు కొన్నావప్పా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. దాని సంగతే నాలుగు మాటల్లో చెబుతాను.

అది 1967 నాటి ఫియట్ 1100 డి. ఇటలీలోని టొరినో నగరంలో దాంతే జకోజా అనే ఇంజనీరు ఆధ్వర్యంలో రూపుదిద్దుకుని, 1953లో బయటికి వచ్చిన 1100 కారు వంశంలోది. మన దేశంలో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు. ఇటలీ వాళ్లు 'మిల్లెచెంతో' అంటారు, అంటే పదకొండు వందలు. నిజానికి ఇంజను 1089 సీసీ. 1970లలో ఈ బండే 'పద్మిని' అయింది.

ఇటలీ కార్లంటే ఇప్పటి పిల్లలకు ఫెరారీ, మసెరాటీ గుర్తొస్తాయి. దూరాభారం సుఖంగా, వేగంగా పోయే అలాంటి కార్లను 'గ్రాన్ తురిస్మో' అంటారు. నా చిన్నప్పుడు మా ఇంటి గ్రాన్ తురిస్మో మా నాయన టాక్సీ. అదీ 1100 డీనే. పెళ్లివాళ్లను మదనపల్లె మీదుగా తిరుపతికి, జబ్బుపడినవాళ్లను వేలూరుకు, నరసింహస్వామి తేరు చూడవచ్చిన చుట్టాలను తిమ్మమ్మ మర్రిమానుకు తిప్పిన బండి. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి ముందర ముగ్గురు కూర్చునేవాళ్లు. వెనక ఎంతమందో లెక్క లేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇదిగో ఈ ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు సారు పాస్కల్ నియమం చెబుతున్నారు. చూపించడానికి పరికరం లేదు. గేటు బయట నాయన టాక్సీ కనబడితే లోపలికి పిలిపించారు. ఒక చక్రం, దాని డ్రమ్ము ఊడదీయించి బ్రేకు తొక్కమన్నారు. "మెల్లగా తొక్కాల సారూ, గట్టిగా తొక్కితే పిస్టన్లు బయటికొస్తాయి" అన్నాడు నాయన. సారు ఆ మాట కూడా మా నోట్సులో రాయించారు. సన్న గొట్టంలోని నూనె ఒత్తిడికి రెండు షూలు విచ్చుకోవడం క్లాసంతా కళ్లారా చూసింది. నేను ఇంజనీరును కావాలనుకున్నది ఆ పూటే.

1986లో ఇంజనీరింగు సీటు వచ్చింది. ఆ ఏడు మా చేన్లో చెనక్కాయ విత్తనం ఖర్చు కూడా తిరిగిరాలేదు. నాయన టాక్సీ అమ్మి ఫీజు కట్టి, వేరేవాళ్ల లారీకి డ్రైవరుగా పోయాడు. అది నాకు సెలవులకు ఇంటికొచ్చాకే తెలిసింది.

ఉద్యోగంలో కుదురుకున్నాక ఆ బండి కోసం చాలా వెదికాను. దొరకలేదు. 2019లో హిందూపురం దగ్గర ఒక తోటలో, కోళ్లు కాపురమున్న ఇంకో 1100 డి దొరికింది. మూడేళ్లపాటు నా ఆదివారాలన్నీ దానికే. అడుగు రేకు తుప్పు తినేసి నేల కనబడేది. టింకరింగ్ చేయించాను, సిలిండర్లు రీబోర్ చేయించాను, డైనమో చుట్టించాను. ముంబయిలో 2023 అక్టోబరు దాకా పద్మిని టాక్సీలు తిరిగాయి కాబట్టి కొన్ని సామాన్లు ఇంకా దొరికేవి. "ఇప్పటి ఇంజను పెట్టెయ్, పీడా పోతుంది" అన్నారు మిత్రులు. నాకు మనసొప్పలేదు.

పెయింటు మెరిసిపోతున్న కారు తెచ్చి ఇంటిముందు ఆపాను. నాయనకు అప్పటికి ఎనభై దాటాయి, చూపు ఆనదు. బానెట్ తడిమి అన్నాడు: "నువ్వు సదువుకోవల్లని అమ్మితినప్పా. మళ్లీ తెమ్మని కాదు."

మూడేళ్లూ అప్పు తీరుస్తున్నానని అనుకున్నవాణ్ని. నోట మాట రాలేదు.

అయినా ఎక్కి కూర్చున్నాడు. స్టేషను దాకా పోయి వచ్చాం. దిగి, ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టి చూశాడు. "ముందర ఎడమది కాలిపోతాంది. బ్రేకు వదల్లేదు. గొట్టం మార్చినావా?" సిలిండరు మార్చాను, షూలు మార్చాను. రబ్బరు గొట్టం పైకి బాగుందని వదిలేశాను. కోసి చూస్తే లోపల రబ్బరు ఉబ్బిపోయి ఉంది. తొక్కినప్పుడు నూనె పోతుంది, కాలు తీస్తే వెనక్కి రాదు. ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినవాణ్ని, పెయింటు మీద పెట్టిన శ్రద్ధ గొట్టం మీద పెట్టలేదు.

ఆ రాత్రి నాయన అన్నాడు: "గుడ్డ కప్పి ఇంట్లో పెట్టుకోవద్దు. సారు అప్పుడు సూపించినట్ల పిల్లోళ్లకు సూపించు." నాయన నిరుడు పోయాడు. ఆ మాట మిగిలింది.

ఇప్పటి కార్ల బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనబడుతుంది. ఇందులో డైనమో, రేడియేటరు, కార్బురేటరు అన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి. అందుకే ఈ కారు ఇకమీదట బడిలోనే ఉంటుంది. ప్రతి నెలా రెండో శనివారం నేను బెంగళూరు నుంచి వచ్చి ఒక భాగం విప్పి చూపిస్తాను. మిత్రులారా, మీ ఇళ్లలో మూలపడిన మోటారో, రేడియోనో, పంపుసెట్టో ఉంటే మీరూ తెచ్చి విప్పండి.

తాళంచెవి హెడ్మాస్టరు గారికి ఇస్తున్నాను. పిల్లలకు ఒక్క మాట. డ్రమ్ము ఊడదీసినప్పుడు బ్రేకు మెల్లగా తొక్కాలి. నోట్సులో రాసుకోండి.

సెలవు.