దేహబలము – మనోబలము



శ్రీకూర్మనాథుని సన్నిధికి చేరువలో పుట్టి పెరిగిన మనకు బరువు మోయడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. క్షీరసాగర మథనవేళ మందరపర్వతం మునిగిపోతుండగా శ్రీమన్నారాయణుడు కూర్మరూపం దాల్చి దానిని వీపున నిలిపాడు. పైన నిలిచి చిలికినవారు లోకానికి కనబడ్డారు; అడుగున మోసినవాడు కనబడలేదు. అలా కనబడకుండా మోసేవారిని గురించే నేడు మేము మనవి చేయదలచాము.

ఇటీవల ఉద్దానం నుండి వచ్చిన ఒక తల్లి మమ్ములను ఇలా అడిగింది: "గురువుగారూ, మా గుంటడు చెడుగుడులో ఊరికి పేరు తెచ్చినవాడు. కిడ్నీలు చెడిపోయాయని డాక్టర్లు చెప్పిన నాటి నుంచి గడప దాటడం లేదు. వాడికి ఏ దేవుని కథ చెప్పమంటారు?"

కొబ్బరి, జీడితోటలతో కళకళలాడే కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో దశాబ్దాలుగా ఈ వ్యాధి ఇంటింటి దుఃఖమైనది. దీనికి కారణం ఇదేనని శాస్త్రజ్ఞులు నేటికీ నిర్ధారించలేదు. కనుక ఇది ఎవరి పాపఫలమోనని ఎంచడం మనకు తగదు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. చికిత్స వైద్యుని చేతిలో ఉన్నది. కాని సాధారణంగా వారానికి మూడుమార్లు, ప్రతిసారి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన గడిపే మనిషికి ధైర్యం ఎక్కడ నుండి రావాలి?

ఆమె దేవుని కథ అడిగితే మేము ముందుగా ఒక మల్లుని కథ చెప్పాము. వీరఘట్టంలో 1882లో జన్మించి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడై, తరువాత సర్కస్ నెలకొల్పి 'కలియుగ భీముడు' అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారిని ఎరుగనివారు మనలో లేరు. ఛాతీకి ఇనుపగొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగించి దానిని తెంపినవారాయన. ఏనుగును రొమ్ముపై నిలుపుకున్నవారాయన. అంతటి దేహానికీ కడపటి దశలో కాలిపై పుండు లేచి, ఆ కాలునే తీసివేయవలసి వచ్చినది. ఆ సమయాన మత్తుమందు లేకుండా ప్రాణాయామంతో బాధను ఓర్చుకున్నారని ఆయన జీవితకథలు చెబుతున్నాయి. మీరు మందు మానాలని మా అభిప్రాయం కాదు. గొలుసును తెంపిన ఊపిరే బాధను కూడా మోసినదని గమనించండి. సాధన చేసినవాని కండ కరగవచ్చును. సాధన నేర్పిన నిబ్బరం కరగదు.

ఆమదాలవలస చేరువనున్న వూసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. ఆనాటి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయి విఫలమైన సంగతి చాలామందికి తెలియదు. ఆ ఒక్క వైఫల్యం అంతకుముందు ఎత్తినదానిని చెరిపివేయలేదు. రోగికి కూడా చేతకాని రోజులుంటాయి. ఆ రోజులు అతడు గడిపిన మంచి రోజులను చెరిపివేయలేవు.

డయాలసిస్ రోగికి మరొక పరీక్ష దాహం. వైద్యులు చెప్పిన కొలతకు మించి నీరు త్రాగరాదు. ఎండాకాలంలో ఆ నిగ్రహం సామాన్యమైనది కాదు. భగవద్గీత రెండవ అధ్యాయంలో, తాబేలు అవయవాలను లోనికి ముడుచుకున్నట్లు ఇంద్రియాలను మరలించుకునేవాడే స్థిరబుద్ధి గలవాడని భగవానుడు అన్నాడు. గ్లాసు సగంలో దించిన రోగి ఆ ఉపదేశాన్ని ఆచరిస్తున్నవాడే.

చివరకు ఆ తల్లితో మేమన్న మాట ఇది: "అమ్మా, నీ కుమారునికి తెలిసిన ఆటలోనే అతనికి కావలసినదంతా ఉన్నది. కూతకు వెళ్ళినవాడు తన ఊపిరి ఎంతవరకో ఎరిగి, అది తెగకముందే గీత దాటి తిరిగివస్తాడు. దానిని పిరికితనమని ఎవరూ అనరు. ఔటైనవాడు ఇంటికి పోడు; గీత అవతల కూర్చుంటాడు. తనవారు పాయింటు తెచ్చినప్పుడు బతికి మళ్ళీ లోపలికి వస్తాడు. అతడు జట్టులోనివాడే."

ఇక మిగిలినది ఆ జట్టు పని. ఈ ప్రాంతపు పెద్దలకు, యువకులకు మా విన్నపం ఒక్కటే. అటువంటి బిడ్డ మీ ఊరిలో ఉంటే జాలిచూపులతో అతనిని గదికే కట్టివేయకండి. అతడెంత శ్రమపడవచ్చునో వైద్యుని అడిగి తెలుసుకోండి. సాయంకాలం మైదానానికి పిలవండి. ఆడలేకపోతే అంపైరుగా నిలపండి. పిల్లలకు కూత నేర్పమనండి. డయాలసిస్ రోజున ఒకరు తోడు వెళ్ళండి.

కూర్మనాథుడు కొండను ఒంటరిగా మోశాడు. మనుష్యులమైన మనకు ఒంటరిగా మోయవలసిన అవసరం లేదు.

స్వస్తి.