కళ్ళు మూసుకుంటే కనిపించేది

(ఒక తెలుగు సంఘం సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్య సభకు మెదడు గురించి మాట్లాడేవాణ్ణి పిలవడం నిర్వాహకుల ధైర్యం. ఆ మాట్లాడేదేదో భోజనాలకు ముందు పెట్టడం వారి ముందుచూపు. ఆకలి మీదున్న సభలో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు కదా! అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

ముందుగా మీకు ఒక చిన్న పని. మీరు పుట్టి పెరిగిన ఇల్లు గుర్తు చేసుకోండి. పల్లెటూళ్ళో పెంకుటిల్లు కావచ్చు, బెజవాడలో రైల్వే క్వార్టర్ కావచ్చు, వరంగల్లులో అద్దె వాటా కావచ్చు. ఆ ఇంటికి ఎన్ని కిటికీలు? చేతులెత్తక్కర్లేదు, మనసులోనే లెక్కపెట్టండి.

మీలో చాలామంది ఇప్పుడు ఏం చేశారో నేను చెబుతాను. వీధి గుమ్మంలోంచి లోపలికి వెళ్ళారు. ముందుగదిలో రెండు, పడకగదిలో ఒకటి, వంటింట్లో పొగ పోవడానికి పెట్టినది ఒకటి, ఇలా గది గదీ తిరిగారు. ఆ అంకె మీ జ్ఞాపకంలో ఎక్కడా రాసిపెట్టి లేదు. మీకు ఎవరూ ఎప్పుడూ చెప్పనూ లేదు. ఇప్పుడే చూసి లెక్కపెట్టారు. కానీ ఆ ఇల్లు ఇక్కడికి వేల మైళ్ళ దూరంలో ఉంది. కొందరి విషయంలో అసలు లేదు, దాన్ని పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. మరి మీరు చూసింది దేన్ని?

ఇవాళ్టి నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

మన భాష దీనికి ఎప్పుడో జవాబు చెప్పేసింది. బాగా వర్ణిస్తే "కళ్ళకు కట్టినట్టు చెప్పాడు" అంటాం. దూరమైన మనిషి "కళ్ళలో మెదులుతున్నాడు" అంటాం. అంటే తలుచుకోవడం కూడా ఒక రకం చూడడమేనని తెలుగువాడి అభిప్రాయం. అది అలంకారమా, నిజమా? తేల్చడానికి శాస్త్రవేత్తలకు నూరేళ్ళకు పైగా పట్టింది.

గాల్టన్ గారి ఫలహారం బల్ల

1880లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. పొద్దున మీరు ఫలహారానికి కూర్చున్న బల్లను తలుచుకోండి, ఆ దృశ్యం వెలుగుగా ఉందా మసకగా ఉందా, వస్తువుల అంచులు స్పష్టంగా ఉన్నాయా, రంగులు ఉన్నాయా అని అడిగాడు. కొందరు ఎదురుగా ఉన్నంత స్పష్టంగా కనిపిస్తోందన్నారు. కొందరు, అందులో పేరున్న శాస్త్రవేత్తలు కూడా, ఏమీ కనిపించడం లేదన్నారు. "మనోనేత్రం" అనేది కవుల మాటే తప్ప నిజంగా అలాంటిది ఉంటుందని వాళ్ళు ఎన్నడూ అనుకోలేదు! ఈ తేడాను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

బొమ్మా, సమాచారమా?

ఆ తర్వాత చాలాకాలం ఈ విషయాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎదుటివాడి ఊహను కొలవడం ఎలా? 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ అనే ఇద్దరు దానికి ఒక దారి కనిపెట్టారు. చిన్న ఘనాలను అంటించి చేసినట్టుండే ఆకారాల బొమ్మలు రెండేసి చూపించి, ఈ రెండూ ఒకటేనా, కాదా అని అడిగారు. రెండో బొమ్మను కొంత కోణం తిప్పి ఉంచేవారు. కోణం ఎంత పెరిగితే జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది. లెక్క వేస్తే మనుషులు మనసులో బొమ్మను సెకనుకు దాదాపు 60 డిగ్రీల చొప్పున తిప్పుతున్నట్టు తేలింది. చేత్తో వస్తువును తిప్పినట్టే అన్నమాట.

1978లో స్టీఫెన్ కాస్లిన్ బృందం ఒక ఊహాద్వీపం పటాన్ని బాగా గుర్తుపెట్టుకోమని, తర్వాత మనసులోనే ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు వెళ్ళమంది. పటం మీద దూరం ఎక్కువైన కొద్దీ మనసులో ప్రయాణానికీ ఎక్కువ సమయం పట్టింది.

దీనికి కెనడా శాస్త్రవేత్త జెనాన్ పిలిషిన్ గట్టిగా అడ్డుపడ్డాడు. ఆయన వాదన మన సాఫ్ట్‌వేర్ మిత్రులకు ఇట్టే అర్థమవుతుంది. తెర మీద బొమ్మ కనిపించినంత మాత్రాన యంత్రం లోపల బొమ్మ ఉన్నట్టు కాదు. లోపల ఉండేది సమాచారం. దూరం వెళ్ళడానికి ఎక్కువసేపు పడుతుందని అందరికీ తెలుసు కనుక, మనసులో నటించేటప్పుడు కూడా అంతసేపు తీసుకుంటారు అన్నాడు.

ఈ వాదంలో పస ఉంది. ఒక్కసారి చార్మినార్‌ను తలుచుకోండి. వచ్చిందా? మీ బొమ్మలో గడియారాలు ఉన్నాయా? నాలుగు వైపులా ఉన్నాయి, 1889లో పెట్టారు. నేను అడిగాక చాలామంది బొమ్మలో హడావిడిగా గడియారాలు వచ్చి అతుక్కుని ఉంటాయి. ఫోటోలో అయితే అడగకముందే ఉండేవి. ఊహాచిత్రం ఫోటో కాదు. మనం దేన్ని పట్టించుకున్నామో అదే అందులో ఉంటుంది. "కళ్ళారా చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది" అని సాక్షి ఒట్టు పెట్టినా కోర్టులు జాగ్రత్తగా ఉండాలనడానికి ఇదో కారణం.

పుట్టుకతో చూపు లేనివారికి ఆకారాలను చేత్తో తడిమించి 1976లో ఇలాంటి పరీక్షే పెడితే, వారికీ కోణం పెరిగిన కొద్దీ సమయం పెరిగింది. కాబట్టి మనసులో తిప్పేదంతా కంటి బొమ్మే కానక్కర్లేదు. ఏది ఎటు ఉందో తెలిసే దిక్కుల జ్ఞానం వేరు, రంగూ రూపూ కనిపించే చిత్రం వేరు.

మిలాన్ కూడలి

1978లోనే ఇటలీ నుంచి ఒక ఆశ్చర్యకరమైన వార్త వచ్చింది. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ప్రపంచం పట్టదు. కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేస్తారు. కన్ను బాగానే ఉంటుంది, ధ్యాస అటు పోదు. ఎదోవార్దో బిసియాక్, క్లాదియో లుజ్జాతి అలాంటి ఇద్దరు రోగులను, వారికి బాగా తెలిసిన మిలాన్ నగరపు పెద్ద చర్చి కూడలిని ఊహించి చెప్పమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడినట్టు ఊహించమంటే కుడివైపు భవనాలే చెప్పారు. చర్చి గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే, ఇందాక వదిలేసిన భవనాలన్నీ చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు!

మన ఊరి లెక్కలో చెప్పాలంటే, చార్మినార్ దగ్గర దక్షిణంగా చూస్తూ నిలబడ్డాననుకున్నప్పుడు మక్కా మసీదు చెప్పి, యునానీ ఆసుపత్రిని మరిచిపోయి, దక్షిణం నుంచి ఉత్తరంగా చూస్తున్నాననుకున్నప్పుడు ఆసుపత్రి చెప్పి మసీదును మరిచిపోవడం లాంటిది. జ్ఞాపకం పోలేదు. మనసులో చూసేటప్పుడు కూడా ఎడమవైపు చూడలేకపోయారు. అంటే బయట చూడడానికీ లోపల చూడడానికీ మెదడు కొంతవరకైనా ఒకే సామగ్రి వాడుతోందన్న మాట.

తర్వాత మెదడు స్కాన్లు వచ్చాయి. ఊహించేటప్పుడు కూడా మెదడులో చూపుకు సంబంధించిన భాగాలు పనిచేస్తాయని అవి చూపించాయి. 2014లో నార్వేలో ఇద్దరు పరిశోధకులు ఇంకా తేలిక పరీక్ష చేశారు. వెలుతురు దృశ్యాన్ని ఊహించుకుంటే కంటిపాప చిన్నదవుతుంది, చీకటి ఊహించుకుంటే పెద్దదవుతుంది. గదిలో దీపం మారదు, మారింది ఊహే.

వాగు ఎదురు పారితే

స్థూలంగా ఇలా అనుకోవచ్చు. చూసేటప్పుడు సమాచారం కంటి నుంచి మెదడు వెనుక భాగానికి, అక్కడి నుంచి అర్థం తెలుసుకునే భాగాలకు పారుతుంది. ఊహించేటప్పుడు వాగు ఎదురు పారుతుంది. జ్ఞాపకం, ఇష్టం ఉన్నచోట మొదలై వెనక్కు, చూపు భాగాలకు వస్తుంది. అయితే ఎదురు పారే నీటికి బలం తక్కువ. అందుకే ఊహలోని ఇడ్లీ కన్నా ప్లేటులోని ఇడ్లీ స్పష్టంగా ఉంటుంది.

మరి రెండూ ఒకే చోట కలిస్తే ఏది నిజమో మెదడుకు ఎలా తెలుస్తుంది? మన తార్కికులు తాడునూ పామునూ పట్టుకుని శతాబ్దాల పాటు వాదించుకున్న సమస్యే ఇది. 1910లో అమెరికాలో చీవ్స్ పెర్కీ అనే ఆవిడ కొందరిని గోడకేసి చూస్తూ అరటిపండు ఊహించుకోమంది. వాళ్ళకు తెలియకుండా వెనుక నుంచి చాలా మసకగా నిజమైన అరటిపండు బొమ్మ వేయించింది. అందరూ అది తమ ఊహే అనుకున్నారు! అడ్డంగా ఉన్న పండును ఊహించబోతే నిలువుగా వచ్చిందేమిటా అని కొందరు ఆశ్చర్యపోయారు. 2023లో లండన్‌లో నాడీన్ డైక్‌స్ట్రా, స్టీఫెన్ ఫ్లెమింగ్ కొత్త పద్ధతిలో పరీక్షిస్తే దీనికి రెండో వైపు తేలింది. ఊహ ఎంత స్పష్టంగా ఉంటే, లేనిది ఉందనుకునే అవకాశం అంత ఎక్కువ. మెదడు ఊహనూ చూపునూ కలిపేసి, మొత్తం బలం ఒక గీత దాటితే "నిజం" అని ముద్ర వేస్తుందని వారి నిర్ణయం.

బొమ్మ రానివాళ్ళు

ఇప్పుడు గాల్టన్ తేడా దగ్గరికి వద్దాం. ఇంతసేపూ కిటికీలు, చార్మినార్ అంటూ నేను మాట్లాడుతుంటే, "ఈయన కనిపించడం, కనిపించడం అంటున్నాడేమిటి, నాకేం కనిపించడం లేదే" అనుకున్నవారు ఈ సభలో ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. బ్రిటిష్ వైద్యుడు ఆడమ్ జీమన్, గుండె రక్తనాళాల చికిత్స తర్వాత ఊహాచిత్రాలు పూర్తిగా పోయిన ఒక పెద్దాయన గురించి 2010లో రాశాడు. అది చదివి, "మాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే" అని చాలామంది ఆయనకు ఉత్తరాలు రాశారు. 2015లో ఆయన దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు. నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఇలా ఉంటారని అంచనా. 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు కంటిపాప పరీక్ష చేస్తే, వెలుగును ఊహించుకున్నా వీరి కంటిపాప మారలేదు. వట్టి మాట కాదన్నమాట.

ఇది జబ్బు కాదు. తెలివికి లోటూ కాదు. కిటికీల లెక్క వీళ్ళూ చెప్పగలరు, దిక్కుల జ్ఞానంతో చెబుతారు. బొమ్మల సినిమాలకు పేరుపడ్డ పిక్సార్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన ఎడ్ కాట్మల్‌కు మనసులో బొమ్మలు రావు. వీరిలో చాలామందికి కలల్లో మాత్రం బొమ్మలు వస్తాయి!

దీన్ని మన ఇళ్ళకు తీసుకొస్తాను. ధ్యానశ్లోకం చదివి మూర్తిని మనసులో నిలుపుకోమంటారు పెద్దలు. ఎంత ప్రయత్నించినా నిలవని మనిషి తన భక్తిలో లోపం ఉందనుకుంటాడు. తండ్రి పోయిన ఆరు నెలలకు ఆయన ముఖం కళ్ళ ముందుకు రాని కొడుకు, నేనింత రాయినా అని లోలోపల కుమిలిపోతాడు. ఇండియాలో ఉన్న అమ్మమ్మ "నేను కళ్ళలో మెదులుతున్నానా?" అని ఫోనులో అడిగితే ఇక్కడి మనవరాలు "లేదు" అని నిజం చెప్పి తిట్లు తింటుంది. వాళ్ళకు ప్రేమ తక్కువ కాదు. ప్రేమ వాళ్ళలో బొమ్మగా రాదు, అంతే. మాటగా, పాటగా, ఒక గుణంగా గుర్తుంటుంది. ఈ సంగతి తెలియక ఎవరూ తమను తాము నిందించుకోకూడదనే ఇంత దూరం తీసుకొచ్చాను.

పిలవకుండా వచ్చే బొమ్మలు

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు ఎనభయ్యో పడిలో ఉన్నారు. చాలామందికి మధుమేహం వల్లో, నీటికాసుల వల్లో, రెటీనా మధ్యభాగం దెబ్బతినో చూపు తగ్గుతోంది. ఒకరోజు అమ్మ, "హాల్లో పట్టుచీరలు కట్టుకుని ఎవరో చిన్న చిన్న మనుషులు తిరుగుతున్నారు, ఏమీ మాట్లాడరు" అంటుంది. ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. మతి పోతోందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, పోయిన పెద్దలు పిలుస్తున్నారని ఒకరు. ఇదంతా ముందే ఊహించిన పెద్దవాళ్ళు చాలామంది అసలు చెప్పరు, లోపలే దాచుకుని భయపడతారు.

స్విట్జర్లాండ్‌కు చెందిన షార్ల్ బోనే 1760లోనే, చూపు మందగించిన తన తాతగారు ఇలాంటివి చూస్తున్నారని రాశాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. కంటి నుంచి రావలసిన సమాచారం తగ్గితే చూపు భాగాలు ఖాళీగా కూర్చోవు, తమంత తామే బొమ్మలు అల్లుతాయి. 1998లో లండన్‌లో ఇలాంటివారి మెదడును పరిశీలిస్తే, రంగులు కనిపించినప్పుడు రంగుల భాగం, ముఖాలు కనిపించినప్పుడు ముఖాల భాగం పనిచేస్తూ దొరికాయి. ఇవి ఊహలాగా మనం పిలిస్తే వచ్చేవి కావు, వద్దంటే పోయేవీ కావు. కానీ చూసేవారికి ఇవి నిజం కావని సాధారణంగా తెలుస్తుంది. గదిలో దీపం వేయడం, కళ్ళు ఆర్పడం, చూపు అటూ ఇటూ తిప్పడం వల్ల కొందరికి మాయమవుతాయి కూడా.

కాబట్టి ముందు కంటి డాక్టరుకు చూపించండి, కనిపించిన సంగతి దాచకుండా చెప్పండి. బొమ్మలతో పాటు మాటలు వినిపించినా, అవి నిజమని వాదించినా, మతిమరుపు, అయోమయం, వణుకు తోడైనా కారణం వేరే ఉండవచ్చు. అప్పుడు నరాల డాక్టరును కలవాలి. వాడుతున్న మందుల జాబితా కూడా తీసుకెళ్ళండి. అన్నిటికన్నా ముందు అమ్మ పక్కన కూర్చుని, "ఏ రంగు చీరలమ్మా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం భయం పోతుంది.

లోపలి చూపు మనిషికో తీరుగా ఉంటుంది. ఎదుటివారికి ఏం కనిపిస్తోందో తెలుసుకోవడానికి అడగడం తప్ప మనకు వేరే దారి లేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీవాళ్ళను కిటికీల లెక్క అడిగి చూడండి. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు ఉండి కూడా తెలియని సంగతులు బయటపడతాయి.

భోజనాల వాసన వస్తోంది. అది మాత్రం ఊహ కాదు.