గోడ దగ్గర ఆగే బండి



మీ ఇంట్లో బీరువా మీద ఏముందో గాని, మా ఇంట్లో ఏడాదిపాటు ఒక రోబో ఉంది. రోబో అంటే తెలుగులో మరమనిషి అంటాం. దీనికి మాత్రం మనిషి పోలికలేమీ లేవు. రెండు చక్రాలు, వెనకాల ఎటు పడితే అటు తిరిగే చిన్న చక్రం ఒకటి, ముందువైపు కళ్లలాంటి రెండు గుండ్రటి డబ్బీలు. అంతే. కిందటేడు మా అమ్మాయి పుట్టినరోజుకి దాని మేనమామ కిట్టు కొనిచ్చాడు. అన్నీ చిన్న చిన్న సామాన్లు, బోలెడు తీగెలు. పిల్ల పాడుచేస్తుందేమోనని, "నువ్వే బిగించిపెట్టి వెళ్లరా" అని మా తమ్ముడితో అన్నది నేనే. వాడు ఒక్క రాత్రిలో బిగించేశాడు. పొద్దున్నే బండి హాలంతా తిరిగింది, పిల్ల చప్పట్లు కొట్టింది. మూడోనాటికి అది బీరువా ఎక్కింది. దానికి పిల్లనేం అనను? ఎవరో వండిపెట్టింది తింటే వంట వస్తుందా?

ఈ వేసవి సెలవుల్లో మరో కిట్టు కొన్నాం. ఈసారి నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పక్కన కూర్చుంటాను, చెయ్యి మాత్రం వెయ్యను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మీకు చెప్పాలా!

కిట్టులో ముఖ్యమైనది అరచేతిలో పట్టే బోర్డు. పేరు ఆర్డునో. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టిందట. మనం రాసిన ఆజ్ఞలను కంప్యూటరు నుంచి తీగె ద్వారా దీనిలోకి ఎక్కిస్తాం. ఆ రాతలో రెండు భాగాలుంటాయి. మొదటిది ఒక్కసారి జరిగేది, రెండోది ఆపేదాకా తిరిగి తిరిగి జరిగేది. పెనం కడిగి పొయ్యిమీద పెట్టడం ఒక్కసారే, ఆపైన అట్టు తర్వాత అట్టు వేస్తూనే ఉంటాం చూడండి, అలాగన్నమాట.

స్క్రూలు బిగించడం ఒక పూటలో అయిపోయింది. అసలు తంటా తర్వాత మొదలైంది. స్విచ్చి వేయగానే చక్రాలు ఒక్కసారి అదురుతాయి, బోర్డు మీది దీపం ఆరి మళ్లీ వెలుగుతుంది, బండి కదలదు. పిల్ల కళ్లనిండా నీళ్లు. తమ్ముడికి ఫోను చేద్దామని లేచి, మళ్లీ కూర్చున్నాను. "ఏది ఎప్పుడు ఆరుతోందో చూడు" అన్నాను, అంతే. చూసింది. మోటార్లు తిరగబోయినప్పుడే ఆరుతోంది. పలకలా ఉండే ఆ తొమ్మిది వోల్టుల బ్యాటరీకి రెండు మోటార్లను లాగే సత్తువ లేదు. మోటార్లకు నాలుగు పెన్సిల్ సెల్సు వేరే పెట్టి, బోర్డుకు ఆ బ్యాటరీని ఉంచి, రెంటి మైనస్ తీగెలూ ఒకచోట కలిపితే బండి నడిచింది. ఒక జాగ్రత్త చెబుతాను. కొన్ని కిట్లలో రీచార్జి చేసే లిథియం సెల్సు వస్తాయి. వాటి ప్లస్సు, మైనస్సు ఒకదానికొకటి తగిలితే మంట పుట్టవచ్చు. అక్కడ మాత్రం పెద్దవాళ్ల చెయ్యి ఉండాల్సిందే.

ఇక ఆ రెండు కళ్లు. నిజానికి అవి కళ్లు కావు, ఒకటి నోరు, ఒకటి చెవి. మన చెవికి అందని ధ్వనిని ఒకటి పంపుతుంది, గోడకు తగిలి తిరిగొచ్చిన దాన్ని రెండోది వింటుంది. గబ్బిలం చేసే పనే. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కనుక, ఎంతసేపటికి వచ్చిందో తెలిస్తే దూరం లెక్క కట్టవచ్చు. గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఆగాలని మా అమ్మాయి రాసింది. బండి ఆగింది గాని బాగా దగ్గరికి వెళ్లి ఆగింది. నా కుట్టుమిషను టేపుతో కొలిస్తే పది. మళ్లీ నడిపించాం, మళ్లీ పదే. 30 అని మార్చింది, పదిహేను వచ్చింది. ప్రతిసారీ సరిగ్గా సగం! నాకు అర్థం కాలేదు, ఒప్పుకుంటున్నాను. అన్నం దగ్గర కూర్చుని పప్పు కలుపుతూ అదే అరిచింది. "అమ్మా, అది పోయి రావాలి కదా! రెండుతో భాగించలేదు!" ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది. నేనేమీ అనలేదు.

ఇలాంటి ఆటలకు మూలం పాతదే. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాషను అమెరికాలో తయారుచేశారు. ఆ ముఖ్యుల్లో సింథియా సాలొమన్ అనే ఆవిడ కూడా ఉన్నారు. ఆ భాషతోనే నేలమీద పాకే తాబేలు బొమ్మను నడిపించేవారు. తప్పు వస్తే సిగ్గుపడక్కర్లేదని, వెతికి దిద్దుకోవాలని ఆమె సహచరుడు సీమోర్ పేపర్ట్ 1980లో పుస్తకమే రాశారు. తప్పు లేకుండా బిగించి ఇచ్చిన మా తమ్ముడికి ఆ పుస్తకం ఇవ్వాలి!

ఇప్పుడు బండి గోడ దగ్గర ఆగుతుంది, బీరువా దగ్గర ఆగుతుంది. గుమ్మానికి వేలాడే కర్టెను దగ్గర మాత్రం ఆగకుండా దూరిపోతుంది. మెత్తని గుడ్డ ధ్వనిని మింగేస్తుంది, మడతలు మిగిలినదాన్ని చెల్లాచెదురు చేస్తాయి. మంచం మీంచి జారిన దుప్పటి దగ్గరా అంతే. దీనికి ముందువైపు తగిలితే నొక్కుకునే చిన్న స్విచ్చి పెడతానంటోంది. ఆ స్విచ్చి పాత బండిలో ఉందట. మొన్న ఆదివారం స్టూలెక్కి దాన్ని దించి, మేనమామ బిగించిన స్క్రూలన్నీ తనే విప్పింది. నేను స్టూలు పట్టుకున్నాను.